ఇరవై ఏడు పౌన్ల ఫ్రేమ్

ఈస్టర్ సోమవారం మర్నాడు పొద్దున తొమ్మిదింటికి లడ్లో ఊళ్ళో బేకరీ మేడ మీదున్న ఆఫీసుకి ఒకామె వచ్చింది. నలభై దాటిన మనిషి. గోళ్ళ సందుల్లో గ్రీజు నల్లగా పట్టి ఉంది, కళ్ళు చూస్తే రాత్రంతా నిద్ర లేదని తెలుస్తోంది. ఆఫీసు సహాయకుడు ప్రిడ్డీ ఇచ్చిన టీ తాగకుండానే బల్ల మీద పెట్టేసింది.

"నా పేరు గ్వెండా బెవన్. నన్ను కాపాడమని రాలేదండీ. నేను చేశానో లేదో తేల్చి చెప్పమని వచ్చాను."

"ఏం చేశారో లేదో?" అంది ఒలివ్ హెస్కెత్.

"మా ఆయన్ని చంపబోయానో లేదో."

ప్రిడ్డీ పెన్సిల్ ఆగిపోయింది. ఈ ఆఫీసులో నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఇక్కడికి వచ్చేవాళ్ళందరూ తాము చెయ్యలేదనే చెబుతారు. చేశానేమోనని భయపడుతూ వచ్చిన మనిషిని ఇదే చూడటం. హెస్కెత్ మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. పొట్టి మనిషి, యాభై ఎనిమిదేళ్ళు. ఇరవై ఏళ్ళు ఒక బీమా కంపెనీకి ప్రమాదాల తనిఖీ చేసి, అబద్ధాలు వినీ వినీ విసుగెత్తి సొంతంగా పరిశోధన మొదలుపెట్టింది. ఆవిడ కళ్ళజోడు తుడుస్తోందంటే చెవులు రిక్కించిందని ప్రిడ్డీకి తెలుసు.

గ్వెండా చెప్పింది. భర్త ఇడ్రిస్ పశువుల దాణా లారీ నడుపుతాడు. సెలవు రోజుల్లో పాతకాలపు మోటార్ సైకిళ్ళ పందేల్లో దిగుతాడు. పంతొమ్మిది వందల అరవై అయిదుకి ముందు తయారైన బళ్ళు, బురద పొలాల్లో, గుట్టల మీద. బండి నడిపేది ఆయన, బాగుచేసేది ఆమె. పదకొండేళ్ళుగా ఆ క్లబ్బులో ఆయన్ని దాటినవాడు లేడు.

"చలికాలంలో బండి మొత్తం విప్పేశాం. ఫ్రేమ్‌కి రంగు వేయించాం. మా స్నేహితుడు రోలీ స్టాక్లీ వేశాడు, రంగుల వర్క్‌షాపు అతనిది. మా పెళ్ళికి తోడు నిలబడ్డవాడు. మార్చిలో నేనే మళ్ళీ బిగించాను. ఫ్రేమ్ ఎత్తుతుంటే ఈసారి బరువనిపించింది. నా నడుం సంగతిలే అనుకున్నాను. నిన్నే ఈ ఏడాదికి మొదటి పోటీ."

"ఊఁ."

"రెండు రేసులు గెలిచాడు. రెండోది అయ్యాక వచ్చి, 'గ్వెన్, బండి మలుపు తిరగనని మొండికేస్తోందే, చూడు' అన్నాడు. హ్యాండిల్ కింద మెడ గొట్టంలో బేరింగ్ ఉంటుంది కదండీ, దాని నట్టు బిగువుగా ఉంటే హ్యాండిల్ బిర్రుగా తిరుగుతుంది. స్పానర్ తీసుకుని దాన్ని కాస్త వదులు చేశాను." ఆమె ఆగింది. "వదులు చేశాననే అనుకుంటున్నాను. తుంపర పడుతోంది, చేతుల నిండా గ్రీజు, మూడో రేసుకి పిలిచేస్తున్నారు. ఎటు తిప్పానో గుర్తు రావడం లేదు. ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు."

మూడో రేసులో నాలుగో చుట్టు. దిగుడులో ఒక ఇరుకు మలుపు ఉంది. బండి తిరగలేదు. దారి పక్కన కట్టిన తాడు తెంచుకుని తిన్నగా వెళ్ళి చెట్టుని గుద్దుకుంది. తల లోపల రక్తం గడ్డకట్టిందని, గురువారం పొద్దున ఆపరేషన్ అని డాక్టర్లు చెప్పారు.

"క్లబ్బు తనిఖీదారు బెర్నార్డ్ పైక్ బండి చూసి హ్యాండిల్ బిగుసుకుపోయిందన్నాడు. నట్టు నేనే బిగించేశానని రాసేశాడు. గురువారం మధ్యాహ్నం క్లబ్బు విచారణకి కూర్చుంటుంది. వాళ్ళేం అనుకున్నా నాకు లెక్కలేదు. ఆసుపత్రిలో ఆయన పక్కన కూర్చోలేకపోతున్నాను. వరండాలో నిలబడి వచ్చేస్తున్నాను. నా చేత్తోనే జరిగి ఉంటే ఏ మొహంతో కూర్చోమంటారు?"

"నట్టు ఇప్పుడు ఎలా ఉంది?"

"పైక్ విప్పేశాడు."

"విప్పేశాక బిగువుగా ఉందని రాశాడా? ఘనుడే." హెస్కెత్ లేచి కోటు అందుకుంది. "మీ చెయ్యి ఎటు తిరిగిందో ఆ నట్టు ఇక చెప్పదు. వేరేచోట వెతకాలి. ఒక్క మాట ముందే చెబుతున్నానమ్మా. తేలింది మీ తప్పే అయినా దాచను."

"దాచనంటారనే మీ దగ్గరికి వచ్చాను," అంది గ్వెండా.

క్లబ్బు పాక ఒక గొర్రెల పొలం మూల మీద ఉంది. రేకుల కప్పు, లోపల కిరసనాయిలు వాసన. ఆ మధ్యాహ్నం ముగ్గురూ వెళ్ళేసరికి బెర్నార్డ్ పైక్ తలుపు దగ్గరే ఎదురొచ్చాడు. ఎర్రటి మొహం, జేబులో నాలుగు పెన్నులు. తన పని తప్పుపట్టేవాళ్ళు పుట్టలేదనుకునే రకం.

"చూడ్డానికేం లేదండీ. హ్యాండిల్ కదల్లేదు. ఆడమనిషి స్పానర్ పట్టింది, అంతే సంగతి."

"మరి నట్టు విప్పిన స్పానర్ ఎవరు పట్టారు, మీ ఆవిడా?" అంది హెస్కెత్ నెమ్మదిగా. "చెట్టుని గుద్దుకుని ఫోర్కు మెలి తిరిగిన బండికి హ్యాండిల్ కదలకపోతే దానికి నట్టే కారణమని ఎలా తెలిసింది మీకు?"

ప్రిడ్డీకి లోపల చెప్పలేనంత సంతోషం కలిగింది. దాన్ని దాచుకోవడానికి నోట్‌బుక్‌లోకి తల దూర్చాడు.

అక్కడే ఇంకొకాయన ఉన్నాడు. పొడుగ్గా, సన్నగా, వేళ్ళ చివర్లకి ఆకుపచ్చ రంగు మరకలతో. రొలాండ్ స్టాక్లీ. ఎర్రబడ్డ కళ్ళతో గ్వెండా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"ఏమైనా తెలిసిందా? నిద్ర పోయావా కాస్తయినా?"

"లేదు రోలీ."

విరిగిన బండి నేల మీద పరిచి ఉంది. ఇంజనూ, చక్రాలూ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కూ పైక్ ముందే తీసేశాడు. మిగిలింది నీలం రంగు ఫ్రేమ్. వెల్డింగ్ చేసిన సన్నటి ఉక్కు గొట్టాల పంజరం, ముందు భాగాన పొట్టిగా మెడ గొట్టం, దాని మీద ఏడో నంబరు ఇత్తడి బిళ్ళ. నడుం దగ్గర ఒక గొట్టం పగిలి, దాని కింద సిమెంటు మీద నల్లటి మడుగు ఇంకి మరకకట్టింది.

"ఇదేమిటి, రక్తమా?" అన్నాడు ప్రిడ్డీ గొంతు తగ్గించి.

"ఆయిలు," అన్నాడు రొలాండ్. "సెప్ గౌ చేసిన ఫ్రేమ్‌లు ఇంతే. విడిగా ఆయిలు ట్యాంకు ఉండదు. గొట్టాల్లోనే పోస్తాం. మొత్తం తొమ్మిదే చేశాడు మహానుభావుడు. బరువు తక్కువ, మలుపులో పిల్లిలా తిరుగుతాయి. ఆయన పోయి ఆరేళ్ళయింది, అలాంటిది మళ్ళీ ఎవరూ చెయ్యలేదు."

"నువ్వు చేశావుగా," అన్నాడు పైక్ ఎకసెక్కంగా.

రొలాండ్ మొహం కొంచెం మాడింది. "చేశాను. దాచుకునేది ఏముంది? సెప్ చిట్టా క్లబ్బులో ఉంది. ప్రతి ఫ్రేమ్ బరువూ, ఫోర్కు వాలూ అందులో రాశాడు. అది చూసే నాది చేసుకున్నాను. బరువు ఇరవై ఏడు పౌన్లు, మెడ వాలు నిలువు గీత నుంచి ఇరవై ఎనిమిది డిగ్రీలు, బల్ల మీద పెట్టి వెంట్రుకవాసి తేడా రాకుండా. ఎవరికీ అసలని చెప్పుకోలేదు. రోలీ బండి కాపీ అని క్లబ్బంతటికీ తెలుసు. రెండేళ్ళుగా నా వెనక నవ్వుకుంటూనే ఉన్నారు."

"ఇడ్రిస్ ఫ్రేమ్?"

"అదీ ఇరవై ఏడే. తూచుకోండి."

హెస్కెత్ దూలానికి వేలాడుతున్న స్ప్రింగు త్రాసు చూపించింది. పైకూ ప్రిడ్డీ కలిసి ఫ్రేమ్‌ని కొక్కేనికి తగిలించారు. ముల్లు ఊగి ఊగి నిలబడింది. సరిగ్గా ఇరవై ఏడు. పైక్ చిట్టా తెచ్చాడు. ఏడో నంబరు ఎదురుగా సెప్ గౌ పెన్సిలుతో రాసిన అంకెలు: బరువు 27, వాలు 28.

"చెప్పలేదూ," అన్నాడు రొలాండ్.

ప్రిడ్డీ ఆ అంకెలు రాసుకున్నాడు. ఫ్రేమ్ అసలుదే అయినప్పుడు ఇక మిగిలింది నట్టు. నట్టంటే గ్వెండా చెయ్యి. ఆమె వైపు చూడ్డానికి అతనికి ధైర్యం చాల్లేదు. ఆమె గోడకి ఆనుకుని రెండు చేతులూ కోటు జేబుల్లో దాచుకుని నిలబడి ఉంది.

హెస్కెత్ మాత్రం ఇంకిపోయిన ఆయిలు మడుగు చుట్టూ ఒకసారి నడిచింది. "సోమవారం రేసుల్లో ఎవరు ఎన్నో స్థానంలో వచ్చారు?" అని అడిగింది.

"మూడు రేసుల్లోనూ ఇడ్రిస్ వెనక నేనే," అన్నాడు రొలాండ్. "ఎప్పుడూ అయిదో ఆరో వచ్చేవాణ్ణి. ఈసారి వాడి వెనక చక్రం పట్టుకునే ఉన్నాను. పడిపోవడం నా కళ్ళముందే జరిగింది."

ఆయన పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. అది నటన కాదని ప్రిడ్డీ ఒట్టేసి చెప్పగలడు. ఆ మాట నిజమేనని తరవాత తేలింది కూడా.

బుధవారం వాన. ఫ్రేమ్‌ని వ్యానులో వేసుకుని హెస్కెత్, ప్రిడ్డీ సెప్ గౌ భార్య డిల్లిస్ ఇంటికి వెళ్ళారు. డెబ్బై ఆరేళ్ళ ముసలావిడ. ప్రతి పోటీకీ ఆ ఇరుకు మలుపు దగ్గర హెచ్చరికకి పసుపు జెండా పట్టుకుని నిలబడేది ఆవిడే. వాళ్ళకి వేడి కేకూ చీజూ పెట్టి, తినేదాకా మాట్లాడనివ్వలేదు.

"పడటం మీరు చూశారా?" అంది హెస్కెత్ చివరికి.

"చూశాను. ఆ పైకుగాడు అదొక్కటే అడిగాడు. రాసుకుపోయాడు."

"ఇంకేమైనా అడిగుంటే బాగుండేదా?"

డిల్లిస్ కత్తితో కేకు ముక్కలు సర్దింది. "మొదటి రేసు నుంచీ ఆ పిల్లాడు మలుపులో బయటికి పోతూనే ఉన్నాడమ్మా. చుట్టు చుట్టుకీ. పదకొండేళ్ళుగా లోపలి గట్టు ఒరుసుకుంటూ తిరిగేవాడు, సోమవారం బయటి తాడు దాకా వచ్చేవాడు. ఎడమ కాలు నేలకేసి ఈడుస్తూ, భుజాలతో బండిని లాగి తిప్పుతున్నాడు. నేను భయపడి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాను."

ప్రిడ్డీ ఠక్కున తలెత్తాడు. "మొదటి రేసు నుంచా? కచ్చితంగా?"

"నాకు మోకాళ్ళు పోయాయి గానీ కళ్ళు పోలేదు నాయనా."

గ్వెండా స్పానర్ పట్టింది రెండో రేసు తరవాత. ఈ మాట చాలు, వెంటనే వెళ్ళి చెప్పేద్దామని ప్రిడ్డీ లేవబోయాడు. హెస్కెత్ అతని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"సగం జవాబు తీసుకెళితే ఆవిడ ఇంకా నలిగిపోతుంది. మొదటినుంచీ బిగువుగా ఉందేమో, బండి బిగించింది కూడా ఆవిడేగా." తరవాత డిల్లిస్ వైపు తిరిగింది. "మీ ఆయన ఫ్రేమ్‌లు చేసిన షెడ్డు చూడొచ్చా?"

"ఆయన పోయాక తాళం తియ్యలేదు. రోలీ రెండుసార్లు వచ్చి అడిగాడు, లోపలి బల్ల ఇమ్మని. ఇవ్వలేదు, అడుగు పెట్టనివ్వలేదు. నువ్వెందుకో వేరేలా అడిగావు, రా."

షెడ్డులో బూజు, తుప్పు. మధ్యలో పోత ఇనుప బల్ల. గొట్టాల్ని కదలకుండా బిగించి వెల్డింగ్ చెయ్యడానికి సెప్ చేసుకున్న అచ్చు అది. ఒక చివర ఫ్రేమ్ నడుం కూర్చోవడానికి రెండు పిడులు, రెండో చివర మెడ గొట్టం దిగడానికి ఏటవాలుగా ఒక లావుపాటి కడ్డీ. తొమ్మిది ఫ్రేమ్‌లూ ఈ కడ్డీ మీదే పుట్టాయి.

హెస్కెత్ సంచిలోంచి కోణమాపినీ, దారానికి కట్టిన సీసపు గుండూ తీసింది. కడ్డీ వాలు కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"ఎంత, ప్రిడ్డీ?"

"ఇరవై ఆరు. కానీ చిట్టాలో ఇరవై ఎనిమిది కదా మేడమ్?"

"అవును కదూ."

ఇద్దరూ నీలం ఫ్రేమ్‌ని బల్ల మీదికి ఎత్తారు. నడుం పిడుల్లో కూర్చుంది, మెడ మాత్రం కడ్డీకి ఎక్కలేదు. కడ్డీ కన్నా వాలుగా ముందుకి చాచుకుని ఉంది.

"దెబ్బకి వంగి ఉంటుంది," అన్నాడు ప్రిడ్డీ.

"ఎటు వంగుతుంది? నీ గడ్డం మీద గుద్దితే తల ఎటు పోతుంది?"

"వెనక్కి."

"ముందు చక్రం చెట్టుకి కొట్టుకుంటే మెడా వెనక్కే పోవాలి, నిటారు కావాలి. ఇది ఇంకా ముందుకి వాలి ఉంది. ఏ చెట్టూ బండి మెడ పట్టుకుని ముందుకి లాగదు." ఆవిడ ముసలావిడ వైపు చూసింది. "మీ ఆయన బరువు ఎలా తూచేవాడమ్మా?"

డిల్లిస్ నవ్వింది. ఆ నవ్వులో కళ్ళు చెమర్చాయి. "అదొక తంతు. గొట్టాల నిండా ఆయిలు పోసి, మూత బిగించి, అప్పుడు కొక్కేనికి తగిలించేవాడు. ఆయిలు లేకుండా తూచు, తక్కువ చూపిస్తుంది, గొప్పగా ఉంటుంది అనేవాళ్ళు. 'నెత్తురు తీసేసి మనిషిని తూస్తారటరా, సన్నాసుల్లారా' అని తిట్టేవాడు. వాలు కొలిచేటప్పుడూ అంతే. నన్ను బండెక్కించి కూర్చోబెట్టేవాడు. ఎన్ని గంటలు కూర్చున్నానో ఆ బళ్ళ మీద కదలకుండా."

హెస్కెత్ కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టింది. ప్రిడ్డీ ఆ మాటలన్నీ పొల్లుపోకుండా రాసుకున్నాడు. వాటిలో ఏముందో అతనికి అర్థం కాలేదు. మీరు అప్పటికే పట్టేసి ఉంటే అతనికన్నా చురుకైనవాళ్ళే.

గురువారం మధ్యాహ్నం రెండింటికి క్లబ్బు పాకలో అందరూ చేరారు. ఆపరేషన్ పదింటికి మొదలైంది, ఇంకా కబురు లేదు. పని పూర్తికాగానే ఫోను చేయమని ఆసుపత్రిలో క్లబ్బు నంబరు ఇచ్చి వచ్చింది గ్వెండా. గోడకున్న ఫోను కిందే బల్ల వేసుకుని కూర్చుంది. డిల్లిస్ ఆమె పక్కనే ఉంది. పైక్ పెన్నులు సర్దుకుంటున్నాడు. రొలాండ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. హెస్కెత్ అడిగితే తన బండి కూడా తెచ్చాడు. ఆకుపచ్చ ఫ్రేమ్, శుభ్రంగా తుడిచిన బండి, మధ్యలో స్టాండు మీద నిలబడి ఉంది.

ఫోను మోగింది. గ్వెండా లేవలేకపోయింది. పైక్ తీశాడు, విన్నాడు, మొహం చిట్లించుకున్నాడు. "ఎండుగడ్డి ఆసామి. పందెం దారి పక్కన పేర్చిన గడ్డికట్టలు ఎప్పుడు తీసుకెళ్ళమంటారని."

హెస్కెత్ మొదలుపెట్టింది.

"ముందు నట్టు సంగతి. ఇడ్రిస్ బండి మొదటి రేసు మొదటి చుట్టు నుంచే మలుపులో బయటికి పోయింది. మిసెస్ గౌ చూశారు. అప్పటికి గ్వెండా స్పానర్ ముట్టుకోలేదు. పోనీ, బిగించినప్పుడే బేరింగ్ బిర్రుగా ఉందా? మిస్టర్ పైక్, పందేనికి ముందు తనిఖీలో హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూశారా?"

"చూడకుండా ఎవర్నీ వదలను. తేలిగ్గానే తిరిగింది. సంతకం పెట్టాను." అని, ఆ మాటకి అర్థం తనకే తట్టి ఆగిపోయాడు.

"మంచిది. హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతోంది, బండి మాత్రం తిరగడం లేదు. ఫోర్కు మరీ వాలుగా ఉన్న బండి అలాగే చేస్తుంది. తిన్నగా బాణంలా పోతుంది, ఇరుకు మలుపులో మాట వినదు. ఒక్క డిగ్రీ తేడా వచ్చినా నడిపేవాడికి తెలుస్తుంది. ఇక్కడ రెండు డిగ్రీలు. పైగా నాలుగు పౌన్ల బరువు ఎక్కువ."

"బరువు సరిపోయిందిగా," అన్నాడు పైక్. "ఇరవై ఏడు, మీ ఎదుటే తూచాం."

"సరిపోకూడదు. తప్పు అక్కడే ఉంది. మనం తూచింది ఆయిలు కారిపోయిన ఖాళీ ఫ్రేమ్‌ని. సెప్ గౌ చిట్టాలో రాసింది ఆయిలు నింపిన బరువు. ఆ గొట్టాల్లో నాలుగు పౌన్ల ఆయిలు పడుతుంది. అసలు ఫ్రేమ్ ఖాళీగా ఇరవై మూడు తూగాలి. వాలూ అంతే. మనిషి కూర్చుంటే వెనక స్ప్రింగులు దిగి, ముందు భాగం లేచి, ఫోర్కు ఇంకాస్త వాలుతుంది. ఆయన అచ్చులో ఇరవై ఆరు. భార్యని కూర్చోబెట్టి కొలిస్తే ఇరవై ఎనిమిది. అదే రాసుకున్నాడు. ఆయన దగ్గర పని చూసినవాళ్ళకి ఇది తెలుసు. షెడ్డులోకి అడుగు పెట్టనివాడు, చిట్టాని మాత్రమే నమ్ముకున్నవాడు, ఖాళీ ఫ్రేమ్‌కే ఇరవై ఏడూ ఇరవై ఎనిమిదీ వచ్చేలా మందపాటి గొట్టాలు వేసి చేస్తాడు. అలా చేశానని ఒకరు మనకి మంగళవారం చెప్పారు."

పాకలో అందరూ తలుపు వైపు చూశారు. గ్వెండా మాత్రం చూడలేదు.

"మిస్టర్ స్టాక్లీ," అంది హెస్కెత్, "మీ బండి కాస్త స్టాండు దింపుతారా? ప్రిడ్డీ, పట్టుకో."

కోణమాపిని ఫోర్కుకి ఆనించి గుండు వేలాడదీసింది. "చదవండి మిస్టర్ పైక్."

పైక్ వంగి చూశాడు. "ఇరవై ఆరు."

"మీ కాపీ ఖాళీగా ఇరవై ఎనిమిదని చెప్పారు. ఇప్పుడు ఎక్కి కూర్చోండి."

రొలాండ్ కదల్లేదు. చివరికి వచ్చి, కాలు అటు వేసి కూర్చున్నాడు. వెనక స్ప్రింగులు మూలిగాయి. దారం మెల్లగా జరిగి ఆగింది.

"ఇరవై ఎనిమిది," అన్నాడు పైక్ నీరసంగా.

"ఆయిలు తీసి తూస్తే ఇరవై మూడు తూగుతుంది. సెప్ గౌ ఏడో నంబరు ఫ్రేమ్ మీరు కూర్చున్న బండిలో ఉంది. చలికాలంలో రంగు కోసం ఇడ్రిస్ ఇచ్చాడు. మీరు మీ కాపీకి నీలం రంగు వేసి, ఇత్తడి బిళ్ళ మార్చి తిరిగిచ్చారు. అసలుదానికి ఆకుపచ్చ పూశారు."

రొలాండ్ బండి దిగలేదు. హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకుని, దానితోనే మాట్లాడుతున్నట్టు తల వంచుకుని చెప్పాడు.

"రెండూ ఒకటే అనుకున్నాను గ్వెన్. ప్రమాణంగా. అంకెల్లో ఏ తేడా లేదు. మరి నాదెందుకు తిరగదు, సెప్ చేతిలో ఏముంది అని రెండేళ్ళు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. ఒక్క సీజన్ నడిపి చూద్దామనుకున్నాను. వాడికేం నష్టం, అదే బరువు, అదే వాలు అనుకున్నాను."

"సోమవారం మొదటి రేసులోనే మీకు తేడా తెలిసి ఉండాలి," అంది హెస్కెత్. "వాడి వెనకే ఉన్నారు. తాడు దాకా పోవడం చూశారు."

"చూశాను."

"రెండోదాన్లోనూ చూశారు."

"చూశాను. చెబుదామనే అనుకున్నాను. మూడో రేసు అయ్యాక చెబుదాం, ఒక్కసారి, ఒక్కసారి వాడి ముందు గీత దాటి, అప్పుడు చెబుదాం అనుకున్నాను." హ్యాండిల్ మీద నుదురు ఆనించాడు. "నేను వెనకనుంచి తరుముతున్నాననే వాడు ఆ దిగుడులో అంత వేగంగా దిగాడు. నా దరిద్రపు ఫ్రేమ్ మీద కూర్చుని కూడా వాడే ముందున్నాడు. సెప్ ఫ్రేమ్ నా కిందుంది, అయినా దాటలేకపోయాను."

"అంతటితో ఆగితే ఒక తప్పు," అంది హెస్కెత్. "మూడు రోజులుగా ఈవిడ తన చేతుల్ని చూసుకుని వణుకుతుంటే, భుజం మీద చెయ్యేసి నిద్రపోయావా అని అడిగారు. నేను పోలీసులకి రాసేటప్పుడు అది ముందు రాస్తాను."

గ్వెండా లేచి బండి దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకుని ప్రిడ్డీ ఒకడుగు ముందుకి వేశాడు. ఆమె కొట్టలేదు.

"అడిగితే ఇచ్చేవాడు రోలీ," అంది. "ఏడాదంతా నడుపుకోరా అని ఇచ్చేవాడు. నీకు తెలుసు."

రొలాండ్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆ మాట కన్నా దెబ్బే నయమనిపించి ఉంటుంది. పైక్ బల్ల మీది రిపోర్టు కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసి, ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. క్షమించమని అడగడం అతనికి అలవాటు లేదు.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి గ్వెండాయే తీసింది. విని, పెట్టేసింది.

"ఆపరేషన్ అయిపోయిందట. రమ్మన్నారు. ఇంకేం చెప్పడం లేదు."

ఆసుపత్రికి నలభై నిమిషాల దారి. ప్రిడ్డీ నడిపాడు, హెస్కెత్ పక్కన కూర్చుంది. వెనక సీట్లో గ్వెండా రోడ్డు వైపే చూస్తోంది. ప్రతి ట్రాక్టరూ తమకి అడ్డం పడాలనే రోడ్డెక్కినట్టు ప్రిడ్డీకి అనిపించింది. రమ్మన్నారంటే మంచికా చెడుకా అని అతను దారి పొడవునా తనలో తాను వాదించుకుంటూనే ఉన్నాడు.

వరండాలో నర్సు ఎదురొచ్చింది. గడ్డ తీసేశారని, కళ్ళు తెరిచాడని, మాట వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమని అంది. గ్వెండా ఈసారి వరండాలో ఆగలేదు. తిన్నగా లోపలికి వెళ్ళింది. వెళ్ళాలా వద్దా అని ప్రిడ్డీ గుమ్మంలోనే ఉండిపోయాడు.

తల నిండా కట్టుతో ఇడ్రిస్ పైకప్పు కేసి చూస్తున్నాడు. ఆమె మంచం అంచున కూర్చుంటే కళ్ళు మాత్రం తిప్పాడు. పెదాలు చాలాసేపు కదిలాక మాట వచ్చింది.

"తిప్పలేకపోయాను గ్వెన్. నాదే తప్పు."

"నీది కాదు," అంది గ్వెండా.

ఆయన ఇంకా ఆమె వైపే చూస్తున్నాడు, ఏదో అడగబోతున్నట్టు. ఆమె ఊపిరి పీల్చుకుంది.

"నాది కూడా కాదు," అంది. అలా అన్నాక ఏడుపు ఆపుకోలేకపోయింది. ప్రిడ్డీ తలుపు దగ్గరగా వేసి వరండాలోకి వచ్చేశాడు.